తాత మెడ మీద గీత

"ఏందిరా అబ్బయ్యా, మెడకాడ తెగినట్లుండాదే?"

ఎంతో గొప్పగా లాప్‌టాప్ తెరిచి అవ్వ ముందు పెట్టిన అర నిముషానికి ఆమె అన్న మాట ఇది. అని ఊరుకుంది. ఇంకోసారి చూడనుకూడా లేదు, పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలేమీ లేవని నాకు తెలుసు.

మొదట్నుంచీ చెప్తాను. మాది అంగళ్లు. మదనపల్లి నుంచి కదిరి రోడ్డు పట్టుకుని వస్తే తగులుతుంది. అంగడికి బహువచనం అంగళ్లు, అంటే మా ఊరి పేరే 'షాపులు' అన్నమాట. ఆ పేరు నిలబెట్టినవాళ్ళలో మా తాత ఒకడు. 1998లో ఊళ్ళో మిట్స్ ఇంజనీరింగు కాలేజీ మొదలయ్యాక రోడ్డు పక్కన టీ అంగడి పెట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా నడిపాడు. నేనూ అదే కాలేజీలో చదివాను కాబట్టి మా బ్యాచి వాళ్ళందరికీ తాత తెలుసు, చాలామందికి ఆయన దగ్గర బాకీలు కూడా ఉండేవి. 2021లో తాత పోయాడు.

పోయినేడు మా కాలేజీ వాట్సాప్ గుంపులో ఎవడో తాత టీ గురించి ఎత్తాడు. దాని నుంచి పుట్టిందే ఈ ఆట. మీరు తాత. కుర్రాళ్ళు వస్తారు, టీ అడుగుతారు, కొందరు డబ్బులిస్తారు, కొందరు "రాసుకో తాతా" అంటారు. తాత నోటు పుస్తకం వాడేవాడు కాదు, అన్నీ బుర్రలోనే. ఆటలో మీరూ అలాగే గుర్తుపెట్టుకోవాలి. ఫోను బ్రౌజర్లో తెరుచుకునేలా త్రీ.జేఎస్‌లో చేస్తున్నాం. లింకు నొక్కితే ఆడెయ్యాలి, ఏదీ దించుకునే పని ఉండకూడదు. ఒక మిత్రుడు పాటలూ చప్పుళ్ళూ, ఇంకొకడు అంగడీ బెంచీలూ, నేను మనుషులు. నా ఉద్యోగానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పగలు బ్యాంకు వాళ్ళ డేటాబేసులతో కుస్తీ, రాత్రి బ్లెండర్‌తో.

శరీరం నెట్లో ఉచితంగా దొరికిన మగ బొమ్మది. తల మాత్రం రెండు ఫోటోలు ముందు పెట్టుకుని నేనే చెక్కాను. తల వేరు, ఒళ్ళు వేరు. అలా వేరుగా ఉంచడానికి కారణం ఉంది. కుర్రాళ్ళు పన్నెండు మంది వస్తారు, ఒక్కొక్కడికీ ఒళ్ళంతా చేస్తే నా పెళ్ళయ్యేలోగా పూర్తికాదు. ఒకే ఒళ్ళు, తలలు మార్చుకోవడం, అదీ పథకం.

చేతులు కాస్త పక్కకి చాపి నిలబెట్టినప్పుడు తాత బ్రహ్మాండంగా ఉన్నాడు. తేడా అల్లా టీ తిరగబోసేటప్పుడు వచ్చింది. కుడిచేయి పైకెత్తి, తల వంచి, పైగ్లాసులోంచి కిందిగ్లాసులోకి ధార పోస్తాడు. ఆ తల వంచడంలో వెనక మెడ మీద చుట్టూతా సన్నగా నోరు తెరుచుకుని లోపలి ఖాళీ కనబడింది. నాకూ కనబడింది, కానీ పెద్ద విషయం అనిపించలేదు. "తర్వాత చూద్దాంలే" అనే జాబితాలో రాసుకున్నాను. మనకి అది బగ్. అవ్వకి అది తెగిన మెడ. నలభై ఐదేళ్ళు కాపురం చేసిన మనిషి మెడ.

ఆ రాత్రే కూర్చున్నాను. రాత్రికి రాత్రి బాగుచెయ్యాలనుకున్నవాడు ఏమేం తప్పులు చేస్తాడో అవన్నీ చేశాను.

మొదటిది, బ్లెండర్లో దగ్గర దగ్గరగా ఉన్న బిందువులని ఒకటిగా అతికించే సదుపాయం ఉంది. పాత వెర్షన్లలో రిమూవ్ డబుల్స్ అనేవాళ్ళు, ఇప్పుడు మెర్జ్ బై డిస్టెన్స్. ఎంత దూరం లోపు ఉన్నవి అతికించాలో మనమే చెప్పాలి. మెడ దగ్గర అర సెంటీమీటరు ఎడం ఉంది కదా అని ఒక సెంటీమీటరు పెట్టి కొట్టాను. మెడ అతికింది. దాంతోపాటు తాత పెదాలు రెండూ, కనురెప్పలూ కూడా అతుక్కుపోయాయి :) తాత జీవితంలో అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేడు.

రెండోది, తల అడుగుభాగాన్ని కిందికి లాగి ఒంటి లోపలికి దూర్చడం. నిలబడితే బాగుంది. వంగితే తల అడుగు అంచు కంఠం ముందునుంచి గరిటెలా బయటికి పొడుచుకొచ్చింది.

మూడోది నాకు చాలా తెలివైనదనిపించింది. తాత భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. దాన్ని మెడ చుట్టూ తిప్పేస్తే పోలా? వేశాను. తల వంచినప్పుడు తువ్వాలులోంచి మెడ బయటికొచ్చింది. ఇప్పుడు నాకు రెండు సమస్యలు.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్ళక తప్పదు. ఆ వారాంతం ఒక మిత్రుడు ధర్మవరంలో పెళ్ళికి పోతుంటే తోడు వెళ్ళి, అటునుంచి నిమ్మలకుంట చూసొచ్చాం. తోలుబొమ్మలు చేసే ఊరు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. నేను వెళ్ళింది మాత్రం దొంగబుద్ధితో, కీళ్ళు ఎలా కడతారో చూడటానికి.

ఒకాయన ఓపిగ్గా విప్పి చూపించాడు. మేకతోలు శుభ్రం చేసి, వెలుతురు అవతలికి పోయేలా పలచన చేసి, బొమ్మ గీసి, ఉలులతో చిల్లులు పెట్టి రంగులద్దుతారు. చెయ్యి వేరే ముక్క, మోచేతి నుంచి కింద ఇంకో ముక్క. భుజం దగ్గర ఒక తోలు మీదికి ఇంకో తోలు బాగా ఎక్కి ఉంటుంది, రెంటికీ కలిపి ఒకే చిల్లు, అందులోంచి ముడి. చెయ్యి ఎటు తిప్పినా చీలిక కనబడదు, ఎందుకంటే కింద ఇంకా తోలు ఉంది. కాకపోతే దీపం వెనక పెడితే రెండు తోళ్ళు కలిసినచోట రంగు కాస్త చిక్కబడుతుంది. బొమ్మ నడుమంతా చీల్చిన కర్రలో బిగించి ఉంటుంది, చేతులకి వేరే పుల్లలు. నేను లాప్‌టాప్‌లో తాతని చూపిస్తే ఆయన నవ్వి, "మీది ఒకటే తోలు కదప్పా, మాకంటే కష్టమే" అన్నాడు.

అక్కడ బుర్ర వెలిగింది. తోలుబొమ్మలో ప్రతి చుక్కా ఒకే ముక్కది. ఇటు భుజానిది, లేదా అటు చేతిది. వాటాలు లేవు. తొలినాళ్ళ త్రీడీ ఆటలు కూడా ఇలాగే ఉండేవి. 1996 నాటి టూంబ్ రైడర్ లో లారా చేతులూ కాళ్ళూ చూడండి, 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 లో మనుషుల్ని చూడండి. ముక్కలు ముక్కలుగా పక్కపక్కన పెట్టిన బొమ్మలే. ఇప్పటి మన పద్ధతిలో అంతా ఒకే చర్మం, లోపల ఎముకలు. చర్మం మీది ప్రతి బిందువూ ఏ ఎముక మాట ఎంత వినాలో వాటాలు రాసిపెట్టి ఉంటాయి. వీటినే వెయిట్లు అంటారు. మొత్తం పదహారణాలు కావాలి. మెడ మొదట్లో ఉన్న బిందువుకి పది అణాలు మెడ ఎముకది, నాలుగు తలది, రెండు ఛాతీది, ఇలా. ఆటల్లో మామూలుగా ఒక బిందువుకి నలుగురు వాటాదార్ల కంటే ఎక్కువ ఉండరు.

నేను చేసిన పొరపాటు ఏమిటంటే, చీలికని చర్మం తక్కువైన సమస్య అనుకున్నాను. కాదు. అది వాటాల తగాదా.

లెక్క వేస్తే తేలిపోయింది. ఒంటి వైపు అంచు బిందువుకి తల ఎముక వాటా 0.15 ఉంది. సరిగ్గా అదే చోట తల వైపు అంచు బిందువుకి 0.40. మిగతాది రెంటికీ మెడ ఎముకది. టీ పోసేటప్పుడు తల 30 డిగ్రీలు వంగుతుంది. కీలు నుంచి ఆ బిందువు 6 సెంటీమీటర్ల దూరం. పూర్తిగా తల మాటే విన్న బిందువు సుమారు 3.1 సెంటీమీటర్లు జరుగుతుంది. మన ఇద్దరి వాటాల తేడా 0.25. అంటే 3.1లో నాలుగో వంతు, దాదాపు 8 మిల్లీమీటర్లు. బిందువులు నిలబడినప్పుడు ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చున్నాసరే, వంగగానే 8 మిల్లీమీటర్ల చీలిక రావల్సిందే. ఎన్నిసార్లు దగ్గరికి జరిపితే మాత్రం ఏం లాభం?

మరి ఇద్దరికీ వేర్వేరు వాటాలు ఎవరిచ్చారు? నేనే, ఆటోమేటిక్ వెయిట్స్ అని ఒక మీట నొక్కి. దాని వెనక ఇల్యా బరాన్, యోవాన్ పొపోవిచ్ అనేవాళ్ళు 2007లో పినోకియో అనే పనిలో చూపించిన ఉపాయం ఉంది. ఎముకల్ని వేడి కడ్డీలనుకుని, ఆ వేడి చర్మం మీద ఎలా పాకుతుందో లెక్కగట్టి దాని ప్రకారం వాటాలు పంచుతుంది. చాలా అందమైన ఆలోచన, తీసిపారేయను. కానీ వేడి పాకాలంటే చర్మం అంటుకుని ఉండాలి. నేను తలనీ ఒంటినీ వేర్వేరుగా ఇచ్చాను. మధ్యలో గోడ కట్టిన ఇంట్లో రెండు వైపులా ఒకే వెచ్చదనం ఉండమంటే ఎక్కడుంటుంది?

నాకు తెలిసి ఈ పనిలో కొత్తగా దిగే ప్రతివాడూ ఇక్కడే పడతాడు. ఆ మీట ఒకసారి పనిచేసేసరికి అది అన్నీ తెలిసినదని నమ్మేస్తాం. దానికి మనిషి తెలీదు, వేడి మాత్రమే తెలుసు.

పరిష్కారం చెప్పడానికి రెండు ముక్కలే, చెయ్యడానికి మూడు రాత్రులు. ముందు తల అంచులో 32 బిందువులు, ఒంటి అంచులో 24 ఉన్నాయి. తలవి 24కి తగ్గించి ఒక్కొక్కదాన్నీ ఒంటి బిందువు మీద ఖచ్చితంగా కూర్చోబెట్టాను (స్నాప్ పెట్టుకోండి, కంటితో చేస్తే రాదు). తర్వాత తలకీ ఒంటికీ నకళ్ళు తీసి, ఆ నకళ్ళని ఒకే మెష్‌గా కలిపి అతికించాను. ఈసారి దూరం 0.1 మిల్లీమీటరు మాత్రమే, అదీ అంచు బిందువుల్ని మాత్రమే ఎంచుకుని. అప్పుడు వాటాలు లెక్కగట్టించి, ఆ ఉమ్మడి నకలు నుంచి అసలు తలకీ అసలు ఒంటికీ వాటాలు బదిలీ చేశాను. చివరికి ఆ 24 బిందువుల వాటాలూ నేనే ఒక్కొక్కటిగా సరిచూసి తాళం వేశాను. ఇకమీద ఏ తల వచ్చినా ఆ 24 బిందువులూ, వాటి వాటాలూ ఉన్నదున్నట్టు ఒప్పుకుని రావల్సిందే. మన ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్. లోపల నీ ఇష్టమొచ్చినట్టు ఉండు, గుమ్మం దగ్గర మాత్రం మా కొలత.

చీలిక పోయింది. గీత మాత్రం మిగిలింది! ఖాళీ లేదు, కానీ మెడ చుట్టూ దారం కట్టినట్టు సన్నటి గీత. ఇది వెలుతురు వ్యవహారం. ప్రతి బిందువుకీ తను ఎటువైపు చూస్తోందో చెప్పే బాణం ఉంటుంది, నార్మల్ అంటారు. తెగిన అంచులో ఒక్కో ముక్క తన వైపు పలకల్నే చూసుకుని బాణం వేసుకుంటుంది, పక్కింటివాళ్ళ సంగతి పట్టదు. అందుకని ఒకేచోట ఉన్న రెండు బిందువుల మీద వెలుతురు రెండు రకాలుగా పడుతుంది. మళ్ళీ ఆ ఉమ్మడి నకలు నుంచే డేటా ట్రాన్స్‌ఫర్ మాడిఫయర్‌తో నార్మల్స్ తెచ్చుకుంటే సరిపోయింది. నవ్వొచ్చే సంగతేమిటంటే, నిజం తాతకి మెడ కింద గీత ఉండేది. ఎండకి నల్లబడిన మెడకీ బనియను కింద తెల్లటి ఒంటికీ మధ్య గీత. తప్పుడు గీత చెరిపేసి ఆ నిజం గీతని తర్వాత రంగులో వేశాను.

ఇంత చేసి ఫోన్లో తెరిస్తే మెడ చుట్టూ మిణుకు మిణుకుమని చుక్కలు. బ్లెండర్లో లేవు, ఫోన్లోనే ఉన్నాయి. ఒక పూట పట్టింది దొరకడానికి. ఫైలు చిన్నదవ్వాలని ఎగుమతి చేసేటప్పుడు డ్రాకో కుదింపు వాడాను. అది ప్రతి ముక్కనీ దాని సొంత పెట్టెలో పెట్టి, ఆ పెట్టె పొడవుని ఇన్ని మెట్లుగా కోసి, బిందువుల్ని దగ్గరి మెట్టు మీదికి సర్దుతుంది. నేను పిసినారితనంతో 14 బిట్ల బదులు 10 పెట్టాను. అంటే 1,024 మెట్లు. ఒంటి పెట్టె దాదాపు మీటరున్నర కాబట్టి ఒక్కో మెట్టు సుమారు 1.4 మిల్లీమీటర్లు. తల పెట్టె 30 సెంటీమీటర్లే, మెట్టు 0.3. ఒకే చోట ఉండాల్సిన రెండు బిందువులూ వేర్వేరు మెట్ల మీదికి సర్దుకున్నాయి. మళ్ళీ 14 పెట్టాను. ఫైలు కాస్త పెరిగింది, పెరగనీ.

మణికట్టు సంగతి క్లుప్తంగా. టీ పోసేటప్పుడు ముంజేయి మెలి తిరుగుతుంది. రెండు ఎముకలకి చెరి సగం వాటా ఉన్న బిందువుని ఒక ఎముక 180 డిగ్రీలు తిప్పితే, సగటు తీస్తే అది సరిగ్గా నడిమధ్యకి వచ్చి పడుతుంది. చాక్లెట్ కాగితం చివర మెలిపెట్టినట్టు చెయ్యి సన్నబడిపోతుంది. కావాన్, ఆయన తోటివాళ్ళు 2007లో డ్యుయల్ క్వాటర్నియన్లతో దీనికో మార్గం చూపించారు. బ్లెండర్లో ప్రిజర్వ్ వాల్యూమ్ అని ఉన్నది అదే. కానీ నేను వాడే దారిలో అది ఆటదాకా వెంట రాదు. ముంజేతిలో రెండు అదనపు ఎముకలు పెట్టి మెలిని కొంచెం కొంచెంగా పంచాను.

పంచె గురించి మాత్రం కాస్త కోపంగానే చెప్తాను. నేను చూసిన పాఠాలన్నిట్లోనూ మనిషి ప్యాంటు వేసుకుంటాడు. అప్పుడు ఎడమకాలి గుడ్డ ఎడమ తొడ ఎముకది, కుడికాలి గుడ్డ కుడి ఎముకది, పేచీ లేదు. పంచెకి ఆటోమేటిక్ వెయిట్స్ కొడితే అది కూడా అలాగే నడిమధ్యకి పంచేసింది. తాత రెండడుగులు వేసేసరికి పంచె ముందుభాగం చర్రున రెండుగా విడిపోయి బెల్‌బాటం ప్యాంటు అయింది. మధ్యలో గుడ్డ ఎవరిదీ కాదు, ఇద్దరిదీ. నడిమధ్య బిందువులకి చెరిసగం ఇచ్చి, పక్కలకి పోయేకొద్దీ నిదానంగా మార్చి, పైన నడుముకి ఎక్కువ వాటా పెట్టాను. ముందర కుచ్చిళ్ళ కోసం ఒక కొత్త ఎముకే పుట్టించాను, అది రెండు తొడలకీ మధ్యరకంగా ఊగుతుంది. పంచె లోపల మోకాలి పైభాగం కాళ్ళు పూర్తిగా తీసేశాను, కనబడని కాళ్ళు గుడ్డలోంచి పొడుచుకు రావడం తప్ప ఇంకెందుకూ పనికిరావు. ఇదంతా పెద్ద విద్యేమీ కాదు. కానీ పంచెకి, చీరకి, లుంగీకి వాటాలెలా పంచాలో ఒక్కచోట తెలుగులో రాసుంటే నాకు పది రాత్రులు మిగిలేవి. అందుకే ఈ టపాలో అంకెలతో సహా రాస్తున్నాను, చీర సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా రాస్తే మహోపకారం.

మొత్తానికి అయిదు వారాల తర్వాత మళ్ళీ ఊరెళ్ళాను. ఈసారి గొప్పగా ఏమీ తెరవలేదు. రాత్రి భోజనాలయ్యాక, అవ్వ ఆకువక్క వేసుకుంటూ ఉండగా, ఫోను పక్కన పెట్టి ఊరికే ఆడించాను. తాత అంగట్లో నిలబడి టీ తిరగబోస్తున్నాడు. అవ్వ ముందు ఓరకంట చూసింది. తర్వాత కళ్ళజోడు అడిగింది. ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. మెడ గురించి ఏమీ అనలేదు. తల వంచినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను, అప్పుడూ ఏమీ అనలేదు.

చాలాసేపటికి, "తువ్వాలు ఎడం బుజం మీద కదరా ఏసుకుంటాండె" అంది.

"నిజమా అవ్వా? ఫోటోలో కుడివైపు ఉండాదే."

"ఫోటోకి మార్చుకున్నాడు. కుడిచేత్తో టీ పోసేటోడు కుడిపక్క ఏసుకుంటే జారి గిన్నెలో పడదా?"

ఆలోచిస్తే అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. నా ఆటలో కుడిచేయి లేచిన ప్రతిసారీ తువ్వాలు వింతగా సాగుతోంది, దాన్ని వాటాలతో సర్దడానికి నేను రెండు సాయంత్రాలు తగలేశాను కూడా. ఎడమవైపు వేస్తే ఆ బాధే లేదు.

అద్దంలోలా తిప్పేస్తే అయిపోతుందనుకున్నాను గానీ, తువ్వాలు బిందువులు ఇంకా కుడి భుజం ఎముకకే బాకీ ఉన్నాయి. ఎడమ భుజానికి మళ్ళీ రాయాలి. అవ్వ నిద్రపోయింది, నేను లాప్‌టాప్ తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను.